ఇంజన్ ఆయిల్: అంకె పాతది, ఇంజన్ కొత్తది

ఐదు వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలంటాడు మెకానిక్. కారుతో వచ్చిన పుస్తకంలో పది వేలని ఉంటుంది. ఇద్దరిలో ఒకరు మోసం చేస్తున్నారని అనుమానం వస్తుంది. కానీ మెకానిక్ చెప్పే అంకె ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఇంజన్లకు నిజంగానే అంత తొందరగా మార్చాల్సి వచ్చేది.

అసలు తొలినాటి ఇంజన్లలో చాలావాటికి మార్చే గొడవే లేదు. ఆయిల్ బొట్టు బొట్టుగా పడి, పని చేసి, కాలిపోయేది లేదా రోడ్డు మీద కారిపోయేది. తగ్గితే మళ్లీ పోసుకోవడమే. ఆముదం కూడా వాడేవారు. 1909లో వచ్చిన కాస్ట్రాల్‌కు ఆ పేరు ఆముదం ఇంగ్లిష్ పేరైన క్యాస్టర్ నుంచే వచ్చింది.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలవ ఉంచి, దాన్నే తిప్పి తిప్పి వాడటం మొదలయ్యాక చిక్కు వచ్చింది. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలో ఆయిల్ పంపు లేదు, ఫిల్టర్ లేదు. తిరిగే భాగాలే ఆయిల్‌ను చిలకరించుకునేవి. మురికి ఎటూ పోయేది కాదు కాబట్టి ఆ రోజుల్లో వెయ్యి మైళ్ల లోపే మార్చేసేవారు. 1923లో ప్యూరొలేటర్ అనే ఆయిల్ ఫిల్టర్‌కు పేటెంట్ కోసం దరఖాస్తు చేసినా, అది అన్ని కార్లకూ మామూలు కావడానికి దశాబ్దాలు పట్టింది.

1930లలో ఆయిల్‌లో డిటర్జెంట్లు కలపడం మొదలైంది. అంతకుముందు మసి అడుగున మడ్డిగా పేరుకునేది. ఇప్పుడు ఆయిల్‌లోనే తేలుతూ ఉండి, ఆయిల్ మార్చినప్పుడు దాంతోపాటే బయటికి పోతుంది. అందుకే ఆయిల్ నల్లబడుతుంది. ఆయిల్ కొలిచే కడ్డీ డిప్‌స్టిక్ తీసి, రంగు చూసి, పాడైపోయిందని తేల్చేసేవాళ్లు దీన్ని మర్చిపోతారు. నల్లబడిందంటే చాలాసార్లు తన పని తాను చేస్తోందనే అర్థం.

అయినా గడువు పెద్దగా పెరగలేదు. కారణం పెట్రోల్. అందులో సీసం కలిపేవారు. ఆ సీసం ఇంజన్లో పేరుకోకుండా కలిపిన క్లోరిన్, బ్రోమిన్ పదార్థాలు కాలి ఆమ్లాలుగా మారి, పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లో దిగేవి. చలిలో చోక్ లాగితే కాలని పెట్రోల్ కూడా దిగేది. అమెరికాలో స్థిరపడిన 3,000 మైళ్ల లెక్క, అంటే దాదాపు 4,800 కిలోమీటర్లు, ఆ కాలానికి సరిపోయిన లెక్క.

తర్వాత ఒక్కొక్కటీ మారింది. కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, సీసం పోయింది, 1970లలో సింథటిక్ ఆయిల్ మార్కెట్లోకి వచ్చింది. చాలా కంపెనీలు గడువును 10,000, 15,000 కిలోమీటర్లకు పెంచాయి. ఫోక్స్‌వ్యాగన్ కొన్ని ఇంజన్లకు 30,000 లేదా రెండేళ్లు అంది. 3,000 మైళ్ల మాట మాత్రం కదల్లేదు. ఆయిల్ ఎన్నిసార్లు మారిస్తే అంత వ్యాపారం కదా! వాడేసిన ఆయిల్ వృథా పెరిగిపోతోందని చివరికి కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థే దానికి వ్యతిరేకంగా ప్రచారం చేయాల్సి వచ్చింది.

బైకు సంగతి వేరు. కారు లెక్క దీనికి పెట్టకూడదు. చాలా బైకుల్లో ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్, అదీ చిన్న బైకులో లీటరు చుట్టుపక్కలే. చిక్కదనం నిలబెట్టే పొడవాటి పాలిమర్ అణువులు గేర్ పళ్ల మధ్య నలిగి తెగిపోతాయి, ఆయిల్ పలచబడుతుంది. గాలితో చల్లబడే ఇంజన్ అయితే వేడి కూడా ఎక్కువే. ఇది చాలదన్నట్టు, 1990లలో మైలేజీ కోసం కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించే పదార్థాలు పెరిగాయి. అవి బైకులో పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి. జపాన్ 1998లో బైకు ఆయిల్‌కు జాసో అనే ప్రమాణం తెచ్చింది అందుకే. డబ్బా మీద కనిపించే ఎంఏ తడి క్లచ్, అంటే ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ ఉన్న బైకులకు. ఎంబీ రాపిడి తక్కువ రకం, క్లచ్ ఆయిల్‌లో మునగని స్కూటర్లకు.

ఇప్పుడు కథ కొంచెం వెనక్కి తిరుగుతోంది. సిలిండర్లోకి నేరుగా పెట్రోల్ చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో, కొద్ది దూరాలే తిరిగితే, పెట్రోల్ మళ్లీ ఆయిల్‌లో కలుస్తోంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తే అది ఆవిరైపోదు. కారు పుస్తకంలోనే ఇలాంటి వాడకానికి తక్కువ గడువు విడిగా రాసి ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిపే చాలామంది ఆ కోవలోకే వస్తారు. ఆ పేజీ తిప్పి చూస్తే, అక్కడున్న అంకె కొన్నిసార్లు మెకానిక్ చెప్పిన దానికి దగ్గరగానే ఉంటుంది.