నూనె పోస్తే వెన్న ఎందుకు పడిపోతుంది?

పాల కేంద్రంలో డబ్బులొచ్చేది వెన్న శాతాన్ని బట్టి. అందుకే దాణాలో కాస్త నూనె కలిపితే వెన్న పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. కానీ రోజూ అరలీటరు నూనె తాగించిన ఆవు పాలలో వెన్న తరచూ తగ్గుతుంది.

గడ్డిలోని పీచును అరిగించేది ఆవు కాదు, దాని పెద్ద పొట్ట రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులు. అవి పీచును విడగొట్టి తయారుచేసే అసిటేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లంతోనే పొదుగు దాదాపు సగం వెన్నను కడుతుంది. నూనె పీచు మీద పొరలా పట్టేస్తుంది. పైగా అందులోని అసంతృప్త (హైడ్రోజన్ తక్కువగా ఉన్న) కొవ్వు ఆమ్లాలు ఆ జీవులకు విషం. తమను కాపాడుకోవడానికి అవి ఈ ఆమ్లాలకు హైడ్రోజన్ జోడిస్తాయి. రూమెన్‌లో పులుపు ఎక్కువైతే ఈ పని దారి తప్పి, ట్రాన్స్-10, సిస్-12 సీఎల్ఏ అనే కొవ్వు ఆమ్లం పుడుతుంది. పొదుగులో వెన్న తయారీని అణిచేది ఇదే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేల్ బౌమన్ బృందం 2000లో దీన్ని రోజుకు 10 గ్రాములే నాలుగో పొట్టలోకి ఎక్కిస్తే పాల కొవ్వు 40 శాతానికి పైగా పడిపోయింది.

లెక్క చూడండి. రోజుకు 12 కిలోల ఎండు పదార్థం (నీరు తీసేసి లెక్కించిన మేత, దాణా బరువు) తినే ఆవుకు మొత్తం కొవ్వు 5-6 శాతం, అంటే 600-720 గ్రాములు దాటకూడదు. మేతలో, దాణాలో ఇప్పటికే 350 గ్రాముల దాకా ఉంటుంది. అరలీటరు నూనెతో మరో 460 గ్రాములు చేరితే హద్దు దాటినట్టే. నూనె తీయని తవుడు, పత్తి గింజలు పెడుతుంటే అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

1980ల మొదట్లో అమెరికాలోని ఒహాయోలో పామ్‌క్విస్ట్, జెంకిన్స్ అనే శాస్త్రవేత్తలు చూపిన దారి కాల్షియం లవణాలు. పామాయిల్ కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపి గుళికలు చేస్తారు. మనం బైపాస్ ఫ్యాట్ అనేది ఎక్కువగా దీన్నే. రూమెన్‌లో పీహెచ్ (పులుపు కొలత, ఇది తగ్గితే పులుపు పెరిగినట్టు) 6 పైన ఉన్నంతసేపూ అది పెద్దగా విడిపోదు. నాలుగో పొట్టలోని ఆమ్లంలో విడిపోయి, చిన్నపేగులో ఒంటబడుతుంది. అందుకే పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెట్టి, పైన బైపాస్ ఫ్యాట్ చల్లితే డబ్బు దండగ. అన్నం పులిసి పీహెచ్ పడిపోతుంది, లవణం రూమెన్‌లోనే విడిపోతుంది.

బైపాస్ ఫ్యాట్ అసలు అవసరం ఈనిన తర్వాతి మూడు నెలల్లో. పాలు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠానికి చేరతాయి, మేత ఆ తర్వాతగానీ పుంజుకోదు. ఆ లోటును ఆవు ఒంటి కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. ఈనడానికి పది రోజుల ముందు కొద్దికొద్దిగా మొదలుపెట్టి, ఈనాక లీటరు పాలకు 15-20 గ్రాముల చొప్పున 90 రోజులు ఇవ్వాలి. 15 లీటర్ల ఆవుకైతే 225-300 గ్రాములు. దీని సబ్బు వాసనకు కొన్ని ఆవులు ముట్టవు, అందుకే వారం పాటు పొడి దాణాలో పెంచుతూ పోవాలి. పులిసిన కుడితిలో కలపొద్దు. ఇందులో కాల్షియం ఉంది కదా అని ఖనిజ లవణ మిశ్రమం మానేయొద్దు.

ఒక అపోహ మాత్రం ప్రమాదకరం. కీటోసిస్ (ఒంటి కొవ్వు అతిగా కరిగి వచ్చే జబ్బు) వచ్చి మేత మానేసి, నోటి నుంచి అసిటోన్ వాసన వస్తున్న ఆవుకు బైపాస్ ఫ్యాట్‌ను ఇంకాస్త పెంచి పెడతారు. కొవ్వు ఆమ్లాల నుంచి గ్లూకోజ్ తయారు కాదు, అప్పటికే కాలేయం కొవ్వుతో నిండి ఉంటుంది. దానికి కావలసింది గ్లూకోజ్, ఒంట్లో గ్లూకోజ్‌గా మారే ప్రొపిలీన్ గ్లైకాల్, పశువైద్యుడు. ఇక నాలుగైదు లీటర్ల ఆవుకు బైపాస్ ఫ్యాట్ కొనడం కన్నా ఆ డబ్బుతో పచ్చగడ్డి వేసుకోవడం మేలు.