ఆకాశంలో వెలుగు, మిలిటరీ ఫైలు: కొన్ని అపోహలు

రిటైరయ్యేదాకా ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్ ముందు కూర్చున్నవాణ్ని. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నా. ఆకాశంలో ఏదైనా తేడాగా మెరిస్తే చుట్టాల ఫోన్లు నాకే వస్తాయి. ఆమధ్య నాగులుప్పలపాడు నుంచి మా బావమరిది చేశాడు. "బావా, పడమటి పక్క చందమామంత వెలుగు. బండి మీద వస్తుంటే నా ఎంటే వచ్చింది. మీ మిలిటరీవాళ్లకు తెలుసులే, చెప్పరు గానీ!"

అపోహ: మిలిటరీ దర్యాప్తు చేసిందంటే అందులో ఏదో ఉన్నట్టే.
మిలిటరీకి కావలసింది ఒక్కటే: దీనివల్ల దేశానికి ముప్పు ఉందా, లేదా? ఆకాశంలో కనిపించిన అంతుచిక్కని వస్తువుల (యూఎఫ్ఓల) మీద అమెరికా వైమానిక దళం 1952 నుంచి 1969 దాకా నడిపిన దర్యాప్తు పేరు ప్రాజెక్ట్ బ్లూ బుక్. 1947 నుంచి వచ్చినవన్నీ కలిపి దాని లెక్కకొచ్చిన రిపోర్టులు 12,618. చూసే సిబ్బంది కొద్దిమందే. ముప్పు లేదనిపిస్తే లోతుగా తవ్వే ఓపిక తక్కువ. వాళ్ల సలహాదారు, ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ తర్వాత్తర్వాత ఈ తీరునే గట్టిగా విమర్శించాడు.

అపోహ: బ్లూ బుక్‌లో చివరిదాకా ఏమిటో తేలని 701 కేసులూ గ్రహాంతరవాసులవే.
గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిందని పేపర్లో చదివితే, అది వేరే లోకం నుంచి వచ్చిందనుకుంటామా?

అపోహ: మిలిటరీ నిజం దాచింది.
దాచింది, ఇది సగం నిజమే. దాచింది సొంత విమానాన్ని. 1955లో అమెరికా యూ-2 గూఢచారి విమానం ఎగరడం మొదలైంది. అప్పటి ప్రయాణికుల విమానాలు చాలావరకు 10 నుంచి 20 వేల అడుగుల ఎత్తులో పోతుంటే, ఇది 60 వేలు దాటేది. కింద పొద్దు గూకినా అంత పైన ఎండ ఉంటుంది, రెక్కలు నిప్పులా మెరిసేవి. 1950ల చివర్లో, 1960లలో వచ్చిన రిపోర్టుల్లో సగానికి పైగా ఇలాంటి విమానాలవేనని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తన చరిత్రలో రాసుకుంది. ఆ 'సగం' కాస్త ఎక్కువేమోనని నా అనుమానం. సంగతి తెలిసిన అధికారులు కూడా బయటికి చెప్పే వీల్లేక వేరే కారణాలు చెప్పి పంపేవాళ్లు. జనానికి అనుమానం పుట్టడంలో తప్పేముంది?

ఆ మెరుపు మనకూ కొత్త కాదు. శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం 2025 జనవరి 29 ఉదయం 6:23కి జరిగింది. అలాంటి వేళ నేల మీద ఇంకా మసకే, పైకి పోయిన రాకెట్ పొగ మీద మాత్రం ఎండ పడుతుంది. నెల్లూరోళ్లు "రాకెట్టు" అనుకుంటూ కాఫీ తాగుతారు. ప్రయోగం సంగతి తెలియని ఊళ్లో అయితే టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: సైనికుల కళ్లు పొరబడవు.
2012–13లో లద్దాఖ్ సరిహద్దులో మన సైనికులు కొన్ని వెలుగుల్ని నెలల తరబడి గమనించి, చైనా డ్రోన్లేమోనని అనుమానించారు. బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థవాళ్లు చూసి, అవి శుక్రుడు, గురుడు అని తేల్చారు. మావాళ్లను తక్కువ చెయ్యడం కాదు. దూరం తెలియకుండా ఒట్టి వెలుగును చూసి సైజు, వేగం చెప్పడం ఎవరివల్లా కాదు.

అందుకే బ్లూ బుక్ ఫారంలో ప్రశ్న వేరేగా ఉండేది: చెయ్యి చాపి పట్టుకున్న గుండుసూది తలంతా, బఠాణీ గింజంతా, నాణెమంతా? బావమరిదినీ అదే అడిగాను. "రూపాయి బిళ్లంత" అన్నాడు. ఇంటి నిండా శనగ బస్తాలున్నాయి కదా, పౌర్ణమి నాడు ఒక గింజ పట్టుకుని మేడెక్కి, చెయ్యి చాపి చందమామకు అడ్డం పెట్టమన్నాను.

పౌర్ణమి రాత్రి ఫోన్ చేశాడు. "బావా, మొత్తం కప్పేసింది!" ఒక క్షణం ఆగి, శుక్రుడు రోజూ ఎన్ని గంటలకు అస్తమిస్తాడని అడిగాడు.