మోటర్‌హోమ్ వాటర్ హీటర్: మనోళ్ల అపోహలు, అసలు సంగతులు

తాడోబా పులుల అడవి చూడనీకి హైదరాబాద్ నుంచి, నాగపూర్ నుంచి మోటర్‌హోమ్‌లల్ల, అంటే పడక, వంట, బాత్రూం లోపలనే ఉండే బండ్లల్ల, వచ్చేటోళ్లు ఉన్నరు, మన బల్లార్షా, చంద్రపూర్ తెలుగోళ్లల్ల కూడా కొందరు ఇసొంటి బండ్లు కిరాయికి తిప్పుతున్నరు. గీజర్ల పని చేసేటోన్ని కాబట్టి ఈ బండ్ల హీటర్లు నా దగ్గరికి వస్తయ్. చాలా ట్యాంకులు పాతబడి కాదు, ఎవ్వరూ లోపల చూడక పాడైతున్నయ్, అందుకే ఇది రాస్తున్న.

అపోహ: నీళ్లు మంచిగ కాగుతున్నయ్ అంటే హీటర్ మంచిగుంది.

కాగుడు వేరే, ట్యాంక్ ఆరోగ్యం వేరే. సబర్బన్ కంపెనీ అసొంటి హీటర్లల్ల ట్యాంక్ ఉక్కుది, లోపల పింగాణీ పూత ఉంటది, ఆ పూతల ఎక్కడన్న సన్న పగులుంటే నీళ్లు ఉక్కును తినుడు మొదలుపెడ్తయ్. అట్ల కాకుండ ఒక మెగ్నీషియం రాడ్ పెడ్తరు, ఉక్కు కన్న ముందు అది కరుగుతది, అది ఉన్నన్ని రోజులు తుప్పు ట్యాంక్ జోలికి రాదు. రాడ్ అయిపోయినంక కూడా నీళ్లు అట్లనే కాగుతుంటయ్, అందుకే ఎవ్వరికీ అనుమానం రాదు. ఆ రాడ్ బండి బయటి మూత తీస్తే కనవడే డ్రెయిన్ ప్లగ్‌కే బిగించి ఉంటది, 27 నంబర్ పానా సరిపోతది. కొత్తది బొటనవేలంత లావు, నున్నగ ఉంటది. మొన్న ఒక బండిది తీస్తే మధ్యల సన్న ఉక్కు తీగ ఒక్కటే మిగిలింది, దానికి అక్కడక్కడ బూడిద రంగు పెచ్చులు, ప్లగ్ ఎన్క తెల్లటి సున్నం పలుకులు గుప్పెడు రాలినయ్. నాలుగింట్ల మూడొంతులు కరిగిందంటే మార్చుడే, ఇంకో సీజన్ చూద్దాం అనుకోవద్దు అన్నా, రాడ్ ఖర్చెంత ట్యాంక్ ఖర్చెంత.

గని ఇదే మాట పట్టుకొని అన్ని హీటర్లకు రాడ్ పెడ్తరు, అది ఇంకో తప్పు. ఆట్‌వుడ్ కంపెనీ హీటర్లల్ల, తర్వాత డొమెటిక్ పేరుతోని వచ్చినయి అవే, ట్యాంక్ అల్యూమినియంది, దానికి రాడ్ అక్కర్లేదు, ప్లగ్ కూడా నైలాన్‌ది ఉంటది. ఇగ బండిల ఇంటి గీజర్ బిగించుకున్నోళ్లకు రాడ్ లోపల కాయిల్ పక్కన ఉంటది, కింది ప్లేట్ ఇప్పితేనే కనవడ్తది.

అపోహ: సున్నం పట్టిందా, బాత్రూం యాసిడ్ పోస్తే అయిపోతది.

దీనికి నాకు నిజంగనే కోపం వస్తది. రాజురా, కోర్పనా, గడ్‌చాందూర్ దిక్కు సున్నపురాయి నేల, సిమెంట్ ఫ్యాక్టరీలు ఆడ పెట్టింది అందుకే, ఆ బోరు నీళ్లు ట్యాంకుల నింపుకుంటే సున్నం పట్టుడు ఖాయం. నీళ్లు కాగినప్పుడు అండ్ల కరిగి ఉన్న బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్ అయి కాయిల్ మీద, ట్యాంక్ అడుగున కూసుంటది. యాసిడ్ పోస్తే సున్నంతోని పాటు కాయిల్ తొడుగు, ట్యాంక్ లోహం కూడా పోతయ్, ఆ పొగ చిన్న బండిల ఊపిరాడనియ్యదు.

తెల్ల వెనిగర్ గాని నిమ్మ ఉప్పు గాని చాలు. ముందుగాల కరెంటు, గ్యాస్ రెండూ బంద్ చేసి, నీళ్లు చల్లారనిచ్చి, పంపు ఆపి, వేడినీళ్ల నల్లా తిప్పి ప్రెషర్ పోనియ్యాలె, అప్పుడే ప్లగ్ తీయాలె, లేకుంటే మరిగే నీళ్లు మొహం మీద కొడ్తయ్. ఖాళీ అయినంక వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి నింపి కొన్ని గంటలు ఉంచి, పైపు పెట్టి పలుకులు రాకుండ అయ్యేదాక కడగాలె. వెనిగర్ ఉన్న ట్యాంకుల బ్లీచ్ అస్సలు పోయొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తది, ప్రాణం మీదికి వస్తది.

కుళ్లిన గుడ్డు వాసన సంగతి. వాసన రాంగనే బోరు చెడిపోయింది అంటరు. వేడినీళ్ల నల్లాల ఒక్కదాంట్లనే వస్తే తప్పు హీటర్ల ఉంది, చన్నీళ్లల్ల కూడా వస్తే నీళ్లదే. నీళ్లల్లున్న సల్ఫేట్‌ను ఒక రకం బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తది, మెగ్నీషియం రాడ్ ఉన్నకాడ అది ఇంకా జోరుగ చేస్తది. జూలై నుంచి సెప్టెంబర్ దాక తాడోబా కోర్, అంటే అడవి నడి భాగం, బంద్ ఉంటది గదా, బండ్లు నీళ్లు నింపినట్టే నిలబడి ఉంటయ్, అక్టోబర్‌ల తీస్తే ఈ కంపు. సెంటు కలపని మామూలు బ్లీచ్ 60 లీటర్లకు 60 మిల్లీలీటర్ల లెక్కన కలిపి నింపి, రాత్రంత ఉంచి, వాసన పోయేదాక కడిగితే సరి. గని ఒక్క మాట, వంట గ్యాస్‌ల కలిపే వాసన కూడా దీనికి దగ్గర్లనే ఉంటది, అందుకే నల్లా బంద్ ఉన్నప్పుడు వాసన వస్తే ముందుగాల సిలిండర్ రెగ్యులేటర్ బంద్ చేసి తలుపులు తెరవండి, ఆ టైంల ఏ స్విచ్ ముట్టుకోవద్దు.

ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ చుక్కలు కారితే దానికి మూత బిగించినోళ్లను చూసిన. దయచేసి అట్ల చేయొద్దు. 22 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి కాగితే మూడు వందల మిల్లీలీటర్లకు పైనే ఉబ్బుతయ్, ట్యాంక్ పైన గాలి జాగా ఉంటే అండ్ల సర్దుకుంటది, లేకుంటే వాల్వ్ నుంచి వస్తది. చల్లారినంక పంపు ఆపి, నల్లా తిప్పి, వాల్వ్ పుల్ల లేపి నీళ్లు ఆగేదాక పట్టుకొని వదిలితే గాలి జాగా మళ్ల ఏర్పడ్తది. అయినా కారుతుంటే వాల్వ్ మార్చాలె.

వీడియోలు చూసి చలికాలానికి పైపులల్ల గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోస్తరు కొందరు. అది నీళ్లు గడ్డ కట్టే దేశాల పద్ధతి. మన చంద్రపూర్‌ల చలి ఎంత ఉన్నా పైపులు పగిలేంత ఉండదు, బండి నిలబెట్టేటప్పుడు ట్యాంక్ ఖాళీ చేస్తే చాలు. ఖాళీ చేసినోళ్లు కరెంటు స్విచ్ మీద పట్టీ అంటించి "నీళ్లు లేవు" అని రాసిపెట్టండి, నీళ్లను హీటర్‌లకు పోకుండ పక్కకు మళ్లించే బైపాస్ వాల్వ్‌ను మళ్ల తిప్పుడు మర్చిపోయి ఎవరన్న స్విచ్ వేస్తే ఖాళీ ట్యాంకుల కాయిల్ సెకండ్లల్లనే కాలిపోతది.

వానాకాలం తర్వాత గ్యాస్ బర్నర్ గొట్టంల కందిరీగ మట్టి గూడు, సాలెగూడు ఉందేమో టార్చ్ వేసి చూడాలె. మంట నీలంగ కాకుండ పసుపు రంగుల, మసితోని వస్తే గాలి అందుతలేదు, అంటే విషపు గ్యాస్ కార్బన్ మోనాక్సైడ్ పుడుతున్నట్టే. గొట్టం శుభ్రం చేసి మంట నీలంగ వచ్చేదాక ఆ హీటర్ గ్యాస్ మీద నడపొద్దు.