ఎండితే ఉడికినట్టు కాదు: చికెన్ జెర్కీ అపోహలు - వాస్తవాలు

జెర్కీ అంటే పల్చగా కోసి, మసాలా పట్టించి, ఆరబెట్టి నేరుగా తినే మాంసం ముక్కలు. పోయిన ఆదివారం రాత్రి పదిన్నరకు ఒక అబ్బాయి, వేడిగాలితో తడి లాగేసే డీహైడ్రేటర్ మెషిన్‌లో చికెన్ జెర్కీ చేశానని వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, రెండు కిలోల బ్రెస్ట్ పల్చగా కోసి, రాత్రంతా మసాలాలో నానబెట్టి, డీహైడ్రేటర్‌లో 60 మీద ఎనిమిది గంటలు ఉంచాను. చివర్లో అరగంట మామిడి చెక్క పొగ పట్టించాను. వంచితే చీలుతోంది, విరగట్లేదు. బాగా కుదిరింది. రేపు మా చెల్లి సీమంతానికి పట్టుకెళ్తున్నా."

వెంటనే ఫోన్ చేశాను. "ఆరబెట్టే ముందు ఉడికించావా?" అని అడిగాను. "60 డిగ్రీల్లో ఎనిమిది గంటలు ఉంది కదక్కా, ఇంకా వేరే ఉడికించడం ఎందుకు?" అన్నాడు.

తొమ్మిదేళ్లుగా ఇంట్లో మాంసం ఆరబెట్టడం, పొగ పట్టడం నేర్పిస్తున్నాను. ఈ మాట వినని బ్యాచ్ ఒక్కటీ లేదు. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: డీహైడ్రేటర్‌లో గంటలకొద్దీ ఉంటే చికెన్ దానంతట అదే ఉడికిపోతుంది.

ఉడకదు. మెషిన్ మీద కనిపించే 60 గాలి వేడి, ముక్క వేడి కాదు. ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనందరికీ తెలుసు. పైనుంచి చెమ్మ ఆవిరైపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. పచ్చి చికెన్ ముక్కలో ముప్పాతిక వంతు నీళ్లే. ఆ నీళ్లు ఆవిరవుతున్నంతసేపూ ముక్క కూడా కుండలాగే చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉంటుంది.

తడి పోయాక ముక్క వేడెక్కుతుంది. కానీ అప్పటికి ఆలస్యమైపోతుంది. తడిగా ఉన్నప్పుడు వేడికి తేలిగ్గా చచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి, ఎండిన ముక్కలో మొండిగా తయారవుతుంది. అక్కడ పెరగదు, కానీ చావదు. మన కడుపులోకి వెళ్లాక మళ్లీ లేస్తుంది.

అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ఇంట్లో జెర్కీ చేసేవాళ్లకు ఒక వరుస చెబుతుంది. కోడి మాంసమైతే ముందు ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి, ఆ తర్వాతే 55 - 60 మధ్య ఆరబెట్టాలి. 1995లో న్యూ మెక్సికోలో బీఫ్ జెర్కీ తిన్నవాళ్లకు సాల్మొనెల్లా సోకింది. అదే ఏడాది ఒరెగాన్‌లో ఇంట్లో చేసుకున్న జింక మాంసం జెర్కీ వల్ల ఈ.కోలి ఓ157 అనే మరో క్రిమి సోకింది. ఇవి బీఫ్, జింక సంగతులు. పచ్చి కోడి మాంసంలో సాల్మొనెల్లా ఉండటం మామూలే, కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇంతకీ 74 ఎలా తేవాలి? స్మోకర్ (మాంసానికి పొగ పట్టించే పొయ్యి) ఉంటే 110 డిగ్రీల దగ్గర పెట్టి, లోపల ఒక గిన్నెలో నీళ్లు ఉంచండి. ఆ చెమ్మ ఉన్న వేడిలోనే పొగా పడుతుంది, ముక్కా ఉడుకుతుంది. 74 వచ్చాక వేడి 60కి దించి ఆరబెట్టండి. స్మోకర్ లేకపోతే ఇడ్లీ పాత్ర చాలు. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి ఆవిరి మీద ఉడికించి, పైతడి ఆరగానే డీహైడ్రేటర్‌లోకి మార్చండి. థర్మామీటర్ పుల్లను అన్నిటికన్నా మందమైన ముక్కకు చివరి నుంచి పొడుగునా గుచ్చాలి. అడ్డంగా గుచ్చితే పుల్ల కొస బయటికి వచ్చి గాలి వేడి చూపిస్తుంది. కొత్త థర్మామీటర్‌ను ముందు ఐసు నీళ్లలో పెట్టి చూడండి, సున్నా చూపించాలి.

"మా నాయనమ్మ వట్టి తునకలు ఎండబెట్టినప్పుడు థర్మామీటర్ పెట్టిందా?" అని ప్రతి క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నంటే నాకు ఇష్టం. మా ఇంట్లోనూ దండెం మీద తునకలు వేలాడుతుంటే కాకులు తోలుతూ పెరిగాను. ఉప్పు, పసుపు పట్టించి, నడినెత్తిన మండే ఏప్రిల్ ఎండలో వేసేవాళ్లు. అయితే నాయనమ్మ ఆ తునకలను ఏనాడూ అలాగే నోట్లో వేసుకోలేదు. వేడినీళ్లలో నానబెట్టి, కడిగి, చింతపండో గోంగూరో వేసి గంటసేపు కుతకుతలాడించేది. తునకలకు వేడి తినేముందు తగిలేది. జెర్కీని ప్యాకెట్ విప్పి నేరుగా తింటాం. చివర్లో పొయ్యి లేదు కాబట్టి మొదట్లోనే ఉండాలి. నాయనమ్మ పద్ధతిలో తప్పేమీ లేదు, మనం అందులో సగమే తీసుకుంటున్నాం.

నేనూ ఆ తప్పు చేశాను. 2015లో మొదటి డీహైడ్రేటర్ కొన్న నెలలో చేసిన జెర్కీని నాన్న సాయంత్రాలు ఇష్టంగా తిన్నారు. మూడో రోజుకు జ్వరం, ఆగని విరేచనాలు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. బయట ఏం తిన్నారని డాక్టరు అడిగితే, అంతా ఇంటి తిండే అని నేనే గట్టిగా చెప్పాను. కారణం జెర్కీయేనని పరీక్షల్లో తేలలేదు. కానీ తర్వాత ఈ ఉష్ణోగ్రతల సంగతి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నాన్నకు 68 ఏళ్లు.

అపోహ: పొగ పడితే క్రిములు చస్తాయి.

పొగలోని ఫినాల్స్ లాంటి పదార్థాలు ముక్క పైపైన కొంత పనిచేస్తాయి, లోపలికి పోవు. చల్లని పొగలో గంటలకొద్దీ వేలాడదీస్తే క్రిములు పెరగడానికి మనమే టైమ్ ఇచ్చినట్టు. మామిడి, జామ చెక్క మంచివి. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, పాత ఫర్నిచర్ ముక్కలు వద్దే వద్దు.

పొగ పట్టిన చికెన్ అంచుల్లో గులాబీ రంగు కనబడితే పచ్చిగా ఉందని పారేయకండి. పొగలోని నైట్రోజన్ వాయువులు మాంసంలోని రంగుతో కలిస్తే అలా వస్తుంది. అలాగే తెల్లగా కనబడిందని ఉడికిందనుకోకండి. రంగుతో ఏదీ తేలదు.

అపోహ: రెసిపీలో 'పింక్ సాల్ట్' అంటే మనింట్లో ఉండే హిమాలయన్ ఉప్పు.

దీని దగ్గర కాస్త ఆగి చదవండి. విదేశీ రెసిపీల్లో రాసే, మాంసం నిల్వకు వాడే పింక్ క్యూరింగ్ సాల్ట్ నంబర్ 1లో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది. మామూలు ఉప్పనుకుని ఎవరూ పొరపడకూడదనే దానికి రంగు కలుపుతారు. మన దగ్గర ఆ రంగే పొరపాటుకు కారణమవుతోంది. దాని కొలత కిలో మాంసానికి రెండున్నర గ్రాములు, అదీ గ్రాముల కాటా మీద తూచి. చెంచా లెక్కలు పనికిరావు. కూరలో ఉప్పులా వేస్తే రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి వస్తుంది, ప్రాణం పోవచ్చు. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఇంట్లో ఈ డబ్బా పోపుల పెట్టె పక్కనే కనిపించింది. ఆ రోజే దాన్ని అక్కడి నుంచి తీయించి, తాళం పెట్టే అలమరలో పెట్టించాను.

ఇంట్లో 74 దాకా ఉడికించి, బాగా ఆరబెట్టి, ఫ్రిజ్‌లో దాచుకునే చికెన్ జెర్కీకి ఈ ఉప్పు అక్కర్లేదు. మామూలు ఉప్పుతో చేయండి. సురేకారం (అదీ ఇలాంటి నైట్రేట్ ఉప్పే) వేయమని ఎవరో వీడియోలో చెప్పారని అడుగుతున్నారు. వేయకండి.

ఇక మిగతావి గబగబా. నిమ్మరసం, వెనిగర్, పసుపు రుచికి మంచివే, ఉడికించే పని మాత్రం చేయవు. నానబెట్టడం ఫ్రిజ్‌లోనే, గట్టు మీద కాదు. కొవ్వు ఎండదు, ముక్కిపోతుంది, అందుకే తొక్కలేని బ్రెస్టే తీసుకోండి. సగం గడ్డకట్టించి కోస్తే ఐదు మిల్లీమీటర్ల మందం తేలిగ్గా వస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు జెర్కీ జోలికే పోవద్దని వాట్సాప్‌లో తిప్పారు. 74 దాకా ఉడికితే ఆ వైరస్ బతకదు. పచ్చి మాంసం ముట్టుకున్నాక చేతులు, కత్తి, చెక్కపీట సబ్బుతో కడగడం ఎప్పుడైనా తప్పదు. నిల్వ విషయంలో నా లెక్క బయట రెండు వారాలే, అదీ గాలి చొరని డబ్బాలో. వానాకాలంలో ఫ్రిజ్‌లోనే పెడతాను. డబ్బా లోపల చెమ్మ కనబడితే మొత్తం పారేయండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకునే తల్లులూ, మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడి నుంచి కోడి మాంసం తీసుకెళ్లనివ్వరు, చెప్పకుండా పట్టుకెళ్తే జరిమానా పడొచ్చు. రెసిపీ పంపండి, వాళ్లే చేసుకుంటారు.

సరిగ్గా చేయని ముక్క ఇప్పటికే తినేశామని భయపడుతూ ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు. తిన్న ప్రతివాళ్లకూ ఏదో అవుతుందని కాదు, టెన్షన్ పడకండి. సాల్మొనెల్లా లక్షణాలు కొన్ని గంటల నుంచి ఆరు రోజుల లోపు బయటపడతాయి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. జ్వరం ఎక్కువైనా, రక్తం పడినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం తిన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. పసిపిల్లలు, వయసు మళ్లినవాళ్లు, గర్భిణులైతే అంతదాకా ఆగొద్దు.

ఆ అబ్బాయి చెల్లికి ఏడో నెల. రెండు కిలోల మాంసం, రెండు రోజుల కష్టం పారేయమని చెప్పడానికి నాకూ బాధేసింది. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మళ్లీ చేస్తానక్కా, ఇడ్లీ పాత్రలో ఎన్ని నిమిషాలు పెట్టాలి?" అని అడిగాడు. నిమిషాలు లెక్కపెట్టొద్దు, థర్మామీటర్ కొనుక్కో అన్నాను.