ఫ్రీజర్ నుంచి క్యారేజీకి

జూన్ 12న బడులు తెరిచారంటే విజయవాడలో పిల్లలున్న ఇళ్లన్నిటికీ టెన్షన్ మొదలు. పటమటలోనో భవానీపురంలోనో బస్సు ఏడు, ఏడుంపావుకల్లా సందు మొదట్లో హారన్ కొడుతుంది. ఆలోపు జడలు వేయాలి, టిఫిను తినిపించాలి, క్యారేజీ కట్టాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో కొందరు ఆదివారం నాడే వారానికి సరిపడా వండి, డబ్బాలకెత్తి ఫ్రీజర్‌లో పెట్టేస్తున్నారు. తగువు అక్కడే వస్తోంది. "పసిపిల్లలకు నిలవ కూడు పెడతారటే?" అని పెద్దావిడ నిలదీస్తే కోడలి దగ్గర జవాబు ఉంటుంది గానీ అంతా పైకి అనలేదు.

పెద్దావిడ భయం ఉత్త చాదస్తం కాదు. దానికి మూలం అన్నంలో ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే దాని రూపాలు, ఎసట్లో ఉడికినా చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే అవి లేచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ ఎంత వేడిచేసినా పోదు. పాతకాలం వంటింటికి ఈ పేరు తెలియకపోయినా అన్నం గుణం మాత్రం బాగా తెలుసు. అన్నం గిన్నె ముట్టుకున్న చెయ్యి కడుక్కోకుండా ఊరగాయ జాడీ మీద వేస్తే 'అంటు' అని కసిరేవారు. అందులో ఆచారం ఎంతో, అనుభవం ఎంతో విడదీయడం కష్టం.

అలాగని ముందుగా వండి దాచుకోవడం మనకు కొత్తేమీ కాదు. చలి లేని చోట పులుపు, ఉప్పు, నూనె, ఎండ ఆ పని చేశాయి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోస్తే తెల్లారేసరికి పులిసి చద్దన్నం అయ్యేది. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన జాతికి నిలవ తిండి మీద అంత చిన్నచూపు ఉండడానికి వీల్లేదు. దూర ప్రయాణమంటే పులిహోర. చింతపండు పులుపు ఎక్కువైన చోట సూక్ష్మజీవి అంత సులువుగా పెరగదు. గోంగూర పచ్చడి, కందిపొడి, ఒడియాలు, ఊరమిరపకాయలు అన్నీ ముందు వండుకున్న సరుకే. గుంటూరు చుట్టూ మిరపకాయల కోసం పదులకొద్దీ కోల్డ్ స్టోరేజీలు లేచినా, ఇంట్లో మాత్రం చలిని నమ్మింది తక్కువే.

క్యారేజీ సంగతి వేరు. ఊళ్లోని బళ్లకు పిల్లలు నడిచి పోయిన రోజుల్లో మధ్యాహ్నం ఇంటికొచ్చి తినిపోయేవారు. కాన్వెంట్లు పెరిగాక రిక్షా అతను ఇంటింటికీ తిరిగి క్యారేజీలు పోగుచేసి, గంట కొట్టే వేళకు బడి గేటు దగ్గర దింపేవాడు. పదకొండింటికి వండింది పన్నెండున్నరకు పిల్లాడి ముందు ఉండేది. తర్వాత బళ్లు కానూరుకు, పోరంకికి, గొల్లపూడికి జరిగాయి. పిల్లలు బస్సులెక్కారు, క్యారేజీ కూడా పిల్లాడితోపాటే తెల్లవారి బయల్దేరడం మొదలుపెట్టింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. ఫ్రీజర్ రాకముందే మన పిల్లలు ఐదారు గంటల నాటి అన్నం తినడం మొదలైంది. దాన్ని 'తాజా' అని పిలుచుకుంటున్నాం, అంతే.

ఫ్రీజర్ కథ మాత్రం మంచు దేశాల్లో మొదలైంది. క్లారెన్స్ బర్డ్‌సై అనే అమెరికన్ ఇప్పటి కెనడాలోని లాబ్రడార్‌లో ఉండగా, గడ్డకట్టే గాలిలో చటుక్కున బిగుసుకుపోయిన చేపలు నెలల తర్వాత కూడా రుచి చెడకపోవడం గమనించాడు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాలను చీల్చేస్తాయి. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, పదార్థం చెడదు. ఆ కిటుకుతో చేసిన సరుకు 1930 మార్చిలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో గోద్రెజ్ ఫ్రిజ్ 1958లో తయారైంది, మనవైపు హైదరాబాద్ ఆల్విన్ పేరు కూడా వినబడేది. కొన్న కొత్తలో చాలా ఇళ్లలో అది వంటింట్లో కాదు, వచ్చినవాళ్లకు కనబడేలా హాల్లో ఉండేది. లోపల పాలు, పెరుగు, దోసెల పిండి. వండిన అన్నం పెడితే అంటు. పైనున్న చిన్న ఐసు అర ఎండాకాలం ఐసు ముక్కలకే సరిపోయేది.

ఆ అరలోకి కూర చేరింది అమెరికా చుట్టూ తిరిగొచ్చాక. 1965లో అమెరికా వలస చట్టం మార్చాక 1946లో పెట్టిన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు అటు వెళ్లారు, వెనకే ఇంజనీర్లు. కూతురి పురుడుకని వెళ్లిన తల్లులు తిరుగు ప్రయాణానికి ముందు వారం రోజులు పొయ్యి దగ్గరే నిలబడి గోంగూర పప్పు, చికెన్ కూర, సాంబారు డబ్బాలకెత్తి, మూతల మీద పేరు రాసి ఫ్రీజర్ నింపి వచ్చేవారు. అంటు అన్న నోటితోనే అక్కడ అది సరే అన్నారు. ఇక్కడి కోడలు చేస్తే తప్పెందుకో వాళ్లే చెప్పాలి.

అయితే అక్కడి పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికిరాదు. చలి దేశాల్లో గడ్డకట్టిన శాండ్‌విచ్‌ను పొద్దున డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి తినే పదునుకు వస్తుంది. బెజవాడ జూన్ ఎండలో అది మొదటి పీరియడ్లకే కరిగి, మిగతా పూటంతా వెచ్చబడుతూ ఉంటుంది. సూక్ష్మజీవులు పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. గడ్డకట్టినంతమాత్రాన అవి చావవు, ఊరికే ఆగిపోతాయి. కాబట్టి ప్రమాదం ఫ్రీజర్‌లో కాదు, వండిన గిన్నెను రాత్రిదాకా స్టవ్ పక్కన వదిలేయడంలో, ఆ పైన పుస్తకాల సంచిలో గడిచే గంటల్లో ఉంది. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే పల్చగా డబ్బాలకెత్తి గంట రెండు గంటల్లో ఫ్రీజర్‌లో పెట్టాలి. పొద్దున సెగలు కక్కేదాకా వేడిచేసి, మరిగే నీళ్లు పోసి వంపేసిన ఫ్లాస్కు డబ్బాలో కట్టాలి. అలా చేస్తే ఐదింటికి వండి మామూలు స్టీలు గిన్నెలో కట్టిన 'తాజా' అన్నం కంటే ఇదే నయం.

రుచికీ లెక్కలున్నాయి. ఫ్రిజ్ కింది అరలో అన్నం బిరుసెక్కుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిందైతే ఆవిరి తగిలితే మెత్తబడుతుంది. పప్పు, శనగలు, రాజ్మా, ఉల్లి టమాటా ముద్ద బ్రహ్మాండంగా నిలుస్తాయి. బంగాళాదుంప పిండిపిండిగా అయిపోతుంది, దొండకాయ వేపుడు మెత్తబడి సాగుతుంది, పెరుగన్నం విరిగి నీళ్లు తేలుతుంది. అందుకే తెలిసినవాళ్లు క్యారేజీ మొత్తం గడ్డకట్టించరు. ముద్దలూ ఉడికించిన గింజలూ దాచుకుని, పొద్దున అన్నం కుక్కర్‌లో పడేసి, పది నిమిషాల్లో కూర దింపుతారు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి, ఒంటి తలుపు పాత ఫ్రిజ్‌లో ఆ నమ్మకం లేదు. కరెంటు పోయి వచ్చిందో లేదో తెలియకపోతే పాత చిట్కా ఒకటుంది. గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టాలి. ఊరి నుంచి వచ్చేసరికి బిళ్ల మునిగి ఉంటే అంతా పారబోయడమే.

సర్కారు బళ్లలో ఈ గొడవే లేదు. 1995లో మొదలైన మధ్యాహ్న భోజన పథకం కింద మొదట్లో చాలాచోట్ల నెలకు 3 కిలోల ధాన్యం ఇచ్చి పంపేవారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఆ భోజనాన్ని 2025 జనవరిలో విజయవాడ పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకూ మొదలుపెట్టారు. ఫీజులు కట్టి చదివించే చాలా బళ్లలో మాత్రం క్యారేజీ వెచ్చబెట్టుకునే ఓవెన్ ఒక్కటీ ఉండదు. తల్లిదండ్రుల మీటింగుల్లో ఫీజుల గురించి, ర్యాంకుల గురించి అడిగేవాళ్లు దీన్నీ అడగొచ్చు.