గుండె గోడ మందమవడం, ఇమ్యూనిటీ: అపోహలు - వాస్తవాలు

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో 'ఎల్‌వీహెచ్' అని కనబడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. ఒంటికంతటికీ రక్తాన్ని పంపే గుండె ఎడమ కింది గది (జఠరిక) గోడ మందమైందని దానర్థం. పెద్దవాళ్లలో ఈ గోడ మామూలుగా 11 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. "ఇమ్యూనిటీ తగ్గి ఇలా అయిందా డాక్టర్ గారూ?" అని కోవిడ్ తర్వాత చాలామంది అడుగుతున్నారు. ఓపీలో తీరిగ్గా చెప్పలేకపోతున్నవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇమ్యూనిటీ తక్కువైతే గుండె మందమవుతుంది. కషాయాలు, పౌడర్లు వాడితే సర్దుకుంటుంది.

వాస్తవం: ఎక్కువమందిలో కారణం ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ. ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టీ నెట్టీ ఒక్కో కండర కణం లావెక్కుతుంది. నలిగిన కణాలు సంకేతాలు పంపితే తెల్ల రక్తకణాలు గుండెలోకి చేరతాయి. అవి వదిలే రసాయనాల వల్ల కండరాల మధ్య పీచు పేరుకుని గోడ బిరుసెక్కుతుంది. మెట్లెక్కితే ఆయాసం రావడానికి ఈ బిరుసు కూడా కారణం. ఎలుకల గుండెపై ఇలాగే ఒత్తిడి పెంచి చూస్తే, టి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) లేనివాటిలో పీచు తక్కువగా ఏర్పడింది. అంటే ఇక్కడ ఇమ్యూనిటీ చాలక కాదు, అతిగా స్పందించడం వల్లే చేటు. దాన్ని ఇంకా పెంచాలనుకోవడం దేనికి? ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఆ డబ్బుతో బీపీ మాత్ర కొనుక్కోండి, రోజూ వేసుకోండి. బీపీ అదుపులో ఉంటే మందం కొంత తగ్గుతుంది కూడా.

అపోహ: అయితే ఇమ్యూనిటీని అణిచే మందు వేస్తే సరి.

వాస్తవం: ఈ ఆశతోనే టీఎన్ఎఫ్‌ను (ఇమ్యూనిటీ కణాలు వదిలే ఒక రసాయనం) అడ్డుకునే మందులను గుండె వైఫల్యంలో పరీక్షించారు. ఎటానర్‌సెప్ట్ ఫలితమివ్వలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కువ మోతాదులో హాని చేసింది. 2017లో వెలువడిన కాంటోస్ పరీక్షలో కనాకినుమాబ్ అనే ఇలాంటిదే మరో మందు మళ్లీ గుండెపోటు రావడాన్ని కొంత తగ్గించింది గానీ, ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరిగాయి. స్టెరాయిడ్ల సంగతి సరే సరి, అవి బీపీనే పెంచుతాయి.

అపోహ: ఇది వంశంలో వచ్చేదే, చేసేదేం లేదు.

వాస్తవం: బీపీ లాంటి కారణమేదీ లేకుండా గోడ మందం 15 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే జన్యులోపాన్ని అనుమానిస్తాం. తోబుట్టువులకూ పిల్లలకూ ఎకో తీయించాలి. ఒకే లోపమున్న అన్నదమ్ముల్లో ఒకరికి జబ్బు ముదిరి, మరొకరికి అసలు కనబడకపోవచ్చు. ఆ తేడాలో ఇన్‌ఫ్లమేషన్ (ఇమ్యూనిటీ కణాల స్పందన వల్ల వచ్చే వాపు) పాత్రపై పరిశోధన సాగుతోంది.

అపోహ: గోడ మందంగా ఉంటే అది బీపీ వల్లే.

వాస్తవం: అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఈ అపోహే. కొందరిలో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు దారితప్పి, పనికిరాని ప్రోటీన్ ముక్కల్ని రక్తంలోకి వదలడం మొదలుపెడతాయి. అవి గుండె గోడలో పేరుకుంటాయి. దీన్ని ఏఎల్ అమిలాయిడోసిస్ అంటారు. ఇమ్యూనిటీ కణాలే నేరుగా గుండెను మందం చేసే జబ్బు ఇది. ఎకోలో గోడ మందంగా ఉంటుంది, ఈసీజీలో గీతలు మాత్రం చాలాసార్లు చిన్నవిగా వస్తాయి. నిజంగా కండరమే పెరిగితే మామూలుగా గీతలు పెద్దవవ్వాలి. దీనికి తోడు నాలుక లావెక్కడం, కళ్ల చుట్టూ ఊదారంగు మచ్చలు, మూత్రంలో నురగ, ఇన్నాళ్లూ పడిన బీపీ మాత్రలకు ఇప్పుడు కళ్లు తిరగడం లాంటివి ఉంటే, ఆ ప్రోటీన్ ముక్కల్ని కొలిచే ఫ్రీ లైట్ చెయిన్ రక్తపరీక్ష వెంటనే చేయించాలి. చికిత్స రక్తవ్యాధుల నిపుణుల చేతిలో ఉంటుంది, నెలలు ఆలస్యమైతే గుండె నిలవదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎకోతో పాటు ఈసీజీ కాగితం కూడా తీసుకెళ్లి, రెండూ పక్కపక్కన పెట్టి చూడమని అడగండి.