ఆరడుగుల ఎడంలో ఆగిపోయిన టేకు

ములుగు, భూపాలపల్లి వైపు పట్టా భూముల్లో పెరిగిన టేకు తోటలను చూస్తే, ఇరవై ఏళ్ల చెట్టు నిటారుగా, ఎత్తుగానే ఉంటుంది గాని దాని మొదలు వాసానికి సరిపోతుందే తప్ప దూలానికి చాలదు. అదే వయసు చెట్టు పొలం గట్టు మీద ఒంటరిగా ఉంటే మాత్రం చెప్పుకోదగ్గ లావు ఉంటుంది. నేల, నీరు, విత్తనం వల్ల కొంత తేడా రావచ్చు. కానీ అసలు కారణం, దగ్గరగా నాటిన తోటలోంచి సకాలంలో చెట్లు తీసి పలుచన చేయకపోవడమే.

దగ్గరగా నాటడం తప్పేమీ కాదు, అది పాత పద్ధతే. మన దేశంలో టేకును తోటగా పెంచడం 1840లలో కేరళలోని నీలంబూరులో, మలబారు కలెక్టరు కొనోలీ పూనికతో, చాతు మేనోన్ పర్యవేక్షణలో మొదలైంది. ఓడల నిర్మాణానికి కలప కావాలన్నది ఆనాటి అవసరం. 1864లో దేశపు తొలి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డీట్రిచ్ బ్రాండిస్ జర్మన్ దేశస్థుడు. ఒత్తుగా పెంచి, విడతలవారీగా చెట్లు తీసే విద్య అప్పటికే జర్మనీ అడవుల్లో బాగా పాదుకొని ఉంది. మొక్కలు దగ్గరగా ఉంటే పక్క కొమ్మలు నీడకు ఎండి రాలిపోతాయి, కాండం వంకర లేకుండా సాగుతుంది, కలుపు అణుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా మంచి చెట్లను ఏరుకునే వీలు మిగులుతుంది.

ఆరడుగుల ఎడంలో నాటితే ఎకరానికి 1210 మొక్కలు పడతాయి. నాలుగైదేళ్లకు ఒక ఏటవాలు వరుస ఉంచి దాని పక్క వరుస తీస్తే 605, ఎనిమిది పదేళ్లకు మళ్లీ వరుస విడిచి వరుస తీస్తే సుమారు 300 మిగులుతాయి. ఆ తర్వాతి విడతల్లో వరుసను కాక చెట్టును చూసి, వంకరవాటిని, అణగిపోయినవాటిని, తెగులు పట్టినవాటిని తీస్తారు. యాభై అరవై ఏళ్లకు చివరి కోత నాటికి ఎకరానికి నిలిచేవి వంద లోపే. కాబట్టి 1210 అనే అంకె దాదాపు నారుమడి లెక్క వంటిది. దాన్ని పంట లెక్కగా తీసుకోవడంతోనే పొరపాటు మొదలైంది.

టేకు వెలుగును గట్టిగా కోరుకునే చెట్టు. దాని ఎత్తును ఎక్కువగా నేల సారం నిర్ణయిస్తుంది గాని, లావును నిర్ణయించేది తలలోని ఆకు విస్తారం. పక్క చెట్ల తలలు కలుసుకున్న నాటి నుంచి కింది కొమ్మలు చచ్చి, తల కుంచించుకుపోతుంది. తయారైన ఆహారం బతకడానికే సరిపోయి, కాండానికి చేరేది తగ్గిపోతుంది. వానంతా ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసే ఈ ప్రాంతంలో ఒత్తు తోట నేలలోని తేమను కూడా త్వరగా పీల్చేస్తుంది. టేకు మొద్దును కోసి చూస్తే ఈ చరిత్రంతా ఏడాది వలయాల్లో కనిపిస్తుంది: నడుమ వెడల్పుగా ఉన్న వలయాలు తలలు కలుసుకున్న ఏటి నుంచి సన్నబడతాయి. పలుచన చేసినంత మాత్రాన ఎకరంలో పెరిగే మొత్తం కలప పెద్దగా పెరగదు. అదే కలప తక్కువ దుంగల్లో చేరుతుంది, అంతే. అయితే చుట్టుకొలత పెరిగిన కొద్దీ, కాండం నడుమ ఉండే గట్టి చెక్క (చేవ) వాటా హెచ్చిన కొద్దీ ఘనపుటడుగు ధర పెరుగుతుంది కనుక రైతుకు లాభం అక్కడే ఉంది. ఆలస్యంగా తీస్తే ఈ ఫలితం రాదు. కుంచించుకుపోయిన తల మళ్లీ సులభంగా విచ్చుకోదు, సన్నని చెట్లు గాలికి వంగుతాయి, ఒక్కసారిగా వెలుగు తగిలిన కాండం మీద పిలకలు లేచి చెక్కలో ముడులవుతాయి. నరికిన మొదళ్లు కూడా చిగురిస్తాయి; ఆ పిలకలను తీయకపోతే పోటీ మళ్లీ మొదలవుతుంది.

నాటే పద్ధతి మనకు చేరినా తీసే పద్ధతి ఎందుకు నిలవలేదన్న దానికి కారణాలు వేర్వేరు. ప్రభుత్వ అడవుల్లో 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం తర్వాత, ముఖ్యంగా 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, కేంద్రం ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక ప్రకారం తప్ప చెట్టు నరికే వీలు లేకుండా పోయింది. 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ వంటి చోట్ల కలప లెక్కకే తావు లేదు. పట్టా భూముల్లో కథ వేరు. 1990లలో టేకు పెట్టుబడి పథకాల ప్రకటనలు ఎకరానికి ఇన్ని చెట్లు, చెట్టుకు ఇంత ధర అని గుణించి చూపాయి. 1999లో పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇటువంటి సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది గాని, ఆ గుణకారం మాత్రం జనం మనసులో ఉండిపోయింది. నరికిన ప్రతి చెట్టూ నష్టంగానే తోచింది. దానికి తోడు నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద నరకడానికి అనుమతి, కలప తరలింపునకు పర్మిట్ కావాలి. పెంకుటిళ్లు, కొట్టాలు తగ్గి, ఇనుప పైపులు, సిమెంటు స్తంభాలు వచ్చాక సన్నని వాసాలకు గిరాకీ కూడా పడిపోయింది. అమ్ముడుపోని వాసం కోసం కార్యాలయం చుట్టూ తిరగడం ఎందుకని రైతు అనుకుంటే అతన్ని తప్పుపట్టలేం.

2015లో మొదలైన హరితహారంలో గట్ల మీద నాటిన టేకు ఇప్పుడు తలలు కలుసుకునే దశకు చేరుతోంది. ఒంటి వరుస కావడంతో రెండు పక్కల నుంచి వెలుగు అందుతుంది గాని, వరుస పొడవునా చెట్టుకూ చెట్టుకూ తలలు తగులుతుంటే వాటికీ రెండో విడత పలుచన వయసు వచ్చినట్లే.